రత్నక్క తీసెయ్యనివ్వని పేరు

మామిడి కాలంలో కృష్ణగిరికి వెళితే ఊరంతా మూత తీసిన ఊరగాయ జాడీలా ఉంటుంది. పోయిన వారం అక్కడ ఒక క్లినిక్‌లో బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా బతుకుతెరువు అదే. ఆసుపత్రులకూ ల్యాబులకూ వెళ్లి, వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన అక్కర్లేని వివరాలను ఏరి తీసేస్తాను. "మునిసిపాలిటీ వాళ్లు ఊడిస్తే రోడ్డన్నా కనబడుతుంది, మీరు ఊడిస్తే ఏం కనబడుతుంది?" అని మా ఆవిడ అడుగుతుంది. ఏమీ కనబడకపోవడమే నా పనితనం అని చెబుతాను, ఆమె నమ్మదు. ఆ రోజు కూడా తెర మీద ఒక పేరు ఉంది, దాని కింద 'తీసేయాలా?' అన్న ప్రశ్న ఉంది. సరిగ్గా అప్పుడే కౌంటర్‌లోని అమ్మాయి బల్ల కింద స్టీలు డబ్బా మూత తీసింది. పచ్చి మామిడి ముక్కలు, ఉప్పు, కారం. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నా చెయ్యి మౌస్ మీద నిలిచిపోయింది. "కావల్లా అన్నా?" అని అడిగింది ఆ అమ్మాయి. "నాకు గాదమ్మా, మా రత్నక్కకు," అన్నాను. పాపం, ఆమె నా వెనక ఎవరున్నారా అని తొంగి చూసింది. వెనక మందుల కంపెనీ క్యాలెండర్ తప్ప ఎవరూ లేరు. రత్నక్క పోయి కొన్నేళ్లయింది.

నాగరత్నమ్మ ఆమె పూర్తి పేరు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే హోసూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్ బిల్లింగ్ విభాగానికి పెద్ద. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గాజు కిటికీ, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను గాలి ఎవరికి తగలాలన్న తగువు. మనిషి పొట్టి. కళ్లజోడుకు నల్లటి తాడు కట్టి మెడలో వేలాడేసుకునేది. ఆమె గొంతు ఎత్తితే ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగబట్టి నిలబడ్డవాడు కూడా "వచ్చినా అక్కా" అని బయటికి వచ్చేవాడు. వాళ్లది తరాలుగా హోసూరులో చింతపండు వ్యాపారం చేసిన ఇల్లు. చిన్నప్పుడు తండ్రి వెంట సంతలకు తిరిగిన మనిషి కాబట్టి ఏ మూటనూ పైన చూసి ఒప్పుకునేది కాదు, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఏముందో చూసేది. ఆసుపత్రిలో మూటలు లేవు గనుక ఆ చెయ్యి మనుషుల మాటల్లో పెట్టేది. మీరు ఆమెను చూసి ఉంటే మొదటి రోజే కోపం వచ్చేది. నాకైతే రాలేదు, ఎందుకంటే మొదటి రోజే ఆమెను నవ్వించాను.

నా చదువు సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది. లెక్కల సారు బోర్డు మీద ఒక నీళ్ల తొట్టి బొమ్మ వేసి, ఒక కొళాయి నింపుతుంటే ఇంకో కొళాయి ఖాళీ చేస్తుంటే తొట్టి ఎప్పుడు నిండుతుందని అడిగాడు. ఆ రెండో కొళాయి కట్టేస్తే సరిపోతుంది కదా సార్ అన్నాను. తరగతి నవ్వింది, సారు నవ్వలేదు. ఆ రోజు తిన్న దెబ్బలకు బడి దారి మరిచిపోయాను. ఆ తర్వాత బాగలూరు దగ్గర గులాబీ తోటల్లో పూలు కోశాను, పెట్టెలు మోశాను, పెట్టెలు మోసే వ్యాను తోలాను. నర్సింగ్ హోమ్‌లో టోకెన్లు పిలిచే మనిషి కావాలని తెలిసి వెళ్లి రత్నక్క ముందు నిలబడ్డాను.

"ఎంత దంకా చదివినావప్పా?" అంది తలెత్తకుండానే.

"ఎనిమిది దంకా పోయినానక్కా. చదివింది ఎంత దంకానో తెలీదు."

"తమిళం వస్తుందా?"

"వస్తుందక్కా."

"కన్నడం?"

"కోపమొస్తే వస్తుంది."

ఆమె కళ్లజోడు జారి తాడుకు వేలాడింది. నవ్వుతూనే నన్ను పైనుంచి కింది దాకా చూసి, "రేపట్నుంచి రా. జ్వరమొచ్చినోళ్లను కూచోబెట్టి నవ్వించే మనిషి ఈడ ఎవురూ లేరు," అంది. నా జీవితంలో నా నోటికి జీతం దొరికింది ఆ రోజే. అంతకుముందు దానికి దెబ్బలే దొరికేవి.

టోకెన్లు పిలిచేవాణ్ణి కంప్యూటర్ దాకా లాక్కొచ్చింది కూడా ఆమే. ఖాళీ దొరికినప్పుడల్లా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టేది, బల్ల కింద తనూ దాచుకునే డబ్బాలోంచి మామిడి ముక్క ఒకటి నా నోట్లో కుక్కేది, మాట్లాడకుండా చూడమని. మొదటి పాఠం తప్పు బిల్లు గురించి. ఒక పెద్దాయనకు రక్తపరీక్ష బదులు స్కానింగ్ బిల్లు కొట్టాను. గబగబా చెరిపేయబోతుంటే నా చేతి మీద చిన్నగా ఒకటి వేసింది. "చెరపగూడదురా శీనా. రద్దు చేసి, ఎందుకు రద్దు చేసినావో పక్కన రాయల్ల. నెంబరు అట్లే ఉండల్ల. రేపు ఎవురన్నా వచ్చి ఈ నెంబరు యాడికి పోయిందని అడిగితే మనం ఏం చెప్పేది, ఎలుక ఎత్తుకపోయిందనా?" బిల్లు మాట అది. మనిషి పేరు మాట ఇంకా పెద్దది. మూడు నాలుగేళ్లుగా రానివాళ్లను కూడా తీసేయనిచ్చేది కాదు. పక్కకు పెట్టమనేది. సాఫ్ట్‌వేర్‌లో అట్లా పక్కకు పెట్టే వీలుంది. పేరు ముందున్న వరుసలో కనిపించదు, అడిగితే మాత్రం వస్తుంది. "రాలేదంటే పోయినాడని గాదు రా. బాగుండాడేమో," అనేది. వైద్యశాలకు రాకపోవడం కూడా మనిషి చేసే పనుల్లో ఒకటని నాకు అప్పుడే తట్టింది.

అయితే నిజమైన చెత్త కూడా ఉండేది. కొత్తగా చేరినవాళ్లు నేర్చుకోవడానికి కొట్టిన దొంగ పేర్లు, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టున్న అక్షరాలు, పేరు లేని ఊర్లు. అవి తీసేటప్పుడు రత్నక్క స్వయంగా పక్కన కూర్చుని, ప్రతి దానికీ "పో నాయనా, పోయి రా" అని సాగనంపేది. ఆమెకు అదొక వేడుక.

ఇక అసలు సంగతి. మా డాక్టరు సారుకు కృష్ణగిరిలో కూడా ఒక శాఖ ఉండేది. రెండు చోట్లా రెండు కంప్యూటర్లు, వాటికి ఒకదాని ముఖం ఒకటి తెలియదు. రెండింటినీ కలిపి ఒకే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలని సారు నిర్ణయించాడు. దానికోసం బెంగళూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉండేవాడు, మా రత్నక్కను మేడం అని పిలిచి మొదటి రోజే తిట్లు తిన్నాడు, రెండో రోజు నుంచి అక్కా అన్నాడు. పని మాత్రం పద్ధతిగా తెలిసినవాడు. ఏదైనా ముట్టుకునే ముందు మొత్తం ఒక నకలు తీశాడు. తీసి ఊరుకోలేదు, ఆ నకలును వేరే కంప్యూటర్‌లో తెరిచి, అన్నీ కనిపిస్తున్నాయా లేదా అని మాకే చూపించి సరిచూసుకున్నాడు. "నకలు తీసినామని ధీమాగా ఉంటారక్కా, తెరిస్తే తెరుచుకోదు," అన్నాడు. రత్నక్క నా వైపు తిరిగి, "చూసినావా, మూట అడుగున చెయ్యి పెట్టినాడు," అంది. ఆమె ఇచ్చే బిరుదుల్లో అది పెద్దది.

రెండు చోట్లా ఉన్న పేర్లను కలిపితే ఒకే మనిషి రెండుసార్లు రావడం సహజం. పేరు, ఊరు, ఫోను నెంబరు మూడూ ఒకటైతే యంత్రం వాటిని జంటగా చూపించేది. మేం చూసి సరే అంటే రెంటినీ ఒకటి చేసేది. అట్లా చూసుకుంటూ పోతుంటే ఒక జంట వచ్చింది. మునెమ్మ. ఊరు వేప్పనపల్లి దగ్గర ఒక పల్లె. వయసు రెండు చోట్లా ముప్పై ఐదు. అయితే ఆ వైపు ఆడవాళ్లు కౌంటర్‌లో వయసు అడిగితే "ఏదో ఒకటి రాసుకోప్పా" అంటారు కాబట్టి ఆ ముప్పై ఐదుకు పెద్ద విలువేం లేదు. భర్త పేరు రాసేచోట రెండింటిలోనూ ఖాళీ. ఫోను నెంబరు ఒకటే. కృష్ణగిరి మునెమ్మకు చాలా బిల్లులున్నాయి. నెలనెలా వచ్చి పెన్సిలిన్ సూది వేయించుకుంటుంది. హోసూరు మునెమ్మకు ఒకే ఒక్క బిల్లు, దాని పైన ఎర్ర అక్షరాల్లో ఒక హెచ్చరిక: పెన్సిలిన్ పడదు, దద్దుర్లు, ఊపిరాడలేదు.

డాక్టరు సారును పిలిచాం. ఆయన తెర చూసి, తన పద్ధతిలో సరిగ్గానే ఆలోచించాడు. కృష్ణగిరిలో వేసేది గుండె కవాటాలు ఇంకా పాడవకుండా కాపాడే సూది, అది తప్పితే ప్రమాదం. పడని మనిషి అయితే నెలనెలా వేయించుకుని నడిచి ఇంటికి పోదు. కాబట్టి హోసూరులో ఎవరో రాత్రి డ్యూటీ డాక్టరు, సూది భయంతో కళ్లు తిరిగిన మనిషిని చూసి హడావిడిగా రాసి ఉంటాడు. "ఆ హెచ్చరిక తీసేయండమ్మా. అది కొత్త దాంట్లోకి వస్తే రేపు ఏ నర్సో చూసి ఆమె సూది ఆపేస్తుంది. అది ఇంకా ముప్పు," అన్నాడు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. బెంగళూరు కుర్రవాడు కూడా తలూపాడు. రత్నక్క మాత్రం, "ఒక్క ఫోను చేసి తీసేస్తాను సార్," అంది.

ఆ ఫోను నెంబరు మునెమ్మది కాదు. ఆ పల్లెలో పాలు పోయించుకునే గోవిందప్పది. పల్లె మొత్తం ఎక్కడికి పోయినా ఆయన నెంబరే చెబుతుంది. ఆయన ఫోను ఎత్తి, "మునెమ్మా? ఇప్పుడే పాలు పోసి పోయినాది. బాగుండాది. ఏంటికి?" అని, మా జవాబు వినకుండానే పెట్టేశాడు. సూది పడిందా లేదా అడగలేకపోయామని మధ్యాహ్నం మళ్లీ చేశాం. ఈసారి ఆయన వెనక పాల క్యాన్లు మోగుతున్నాయి. "మునెమ్మా? ఆమె బాగలూరులో గులాబీ తోటకు పనికి పోయి నెలాయె. శనివారానికి వస్తాదంట. ఎవురికమ్మా ఇన్ని తూర్లు?" అన్నాడు.

రత్నక్క ఫోను పెట్టేసింది. నేను ఊరుకోలేక, "పొద్దున ఊర్లో పాలు పోసి, అప్పుడే బాగలూరులో పూలు కోస్తా ఉందంటే, ఆమెకు రెక్కలుండాయేమో అక్కా. గుండెకు గాదు, రెక్కలకు సూది వేయించుకుంటా ఉండాదేమో," అన్నాను. కుర్రవాడు పగలబడి నవ్వాడు. రత్నక్క నవ్వలేదు. మామిడి ముక్క నోటి దాకా తీసుకెళ్లి మళ్లీ డబ్బాలో పెట్టింది.

"మళ్లా చెప్పురా."

"ఏం చెప్పేదక్కా?"

"ఇప్పుడు చెప్పింది."

చెప్పాను. రెండోసారి చెబితే ఏ హాస్యమైనా చప్పబడుతుంది. ఇది చప్పబడలేదు, వేరేగా వినిపించింది. ఒకే మనిషి రెండు చోట్ల ఉండదు. రెండు చోట్ల ఉందంటే ఒకే మనిషి కాదు. హెచ్చరిక తీసేస్తే, ఊపిరాడక పడిపోయిన ఆ రెండో మునెమ్మ ఎవరో, ఆమె ఇంకోసారి సూదికి చేయి చాపేరోజు ఆపడానికి మా దగ్గర ఏమీ మిగలదు.

సోమవారానికి కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుకావాలని డాక్టరు సారు తొందర. రత్నక్క వెళ్లి ఆయన గది ముందు నిలబడింది. "రేపు శనివారం నాకు రజా కావల్ల సార్. శీనాకు గూడా." ఆమె సెలవు అడగడం ఆసుపత్రి చరిత్రలో లేదు. ఆయన కంగారుపడి, "ఒంట్లో బాగలేదా అమ్మా?" అన్నాడు. "నాకు బాగుండాది సార్. ఇంకొకామెకు బాగుందో లేదో చూసి వస్తాం. అంత దంకా ఆ పేరు ఎవురూ ముట్టుకోవద్దు," అంది.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి కృష్ణగిరికి, అక్కణ్నుంచి వేప్పనపల్లికి, అక్కణ్నుంచి షేర్ ఆటోలో ఆ పల్లెకు చేరాం. దారంతా మామిడి తోటలే. ఆటోలో రత్నక్క ఒళ్లో ఎవరిదో కోడి కూర్చుంది; ఆమె దానికీ ఏదో ఒకటి చెబుతూనే ఉంది. పాల కేంద్రం మెట్ల మీద గోవిందప్ప కూర్చుని ఉన్నాడు. మేమెవరో తెలిశాక ఆశ్చర్యపోయి, "ఫోనులో మాట్లాడితే సాలదా అమ్మా, ఇంత దూరం రావల్లా?" అంటూనే లేచి ఇల్లు చూపించాడు. ఆ ఇంటి ముందు ఒక ఆడమనిషి ఆవుకు కుడితి పెడుతోంది. సన్నగా ఉంది, రెండడుగులు వేస్తే ఆయాసపడుతోంది.

"నువ్వేనామ్మా మునెమ్మ?" అంది రత్నక్క.

"ఆఁ, నేనే. మీరు యాడనుంచి?"

"ఆస్పత్రినుంచి. నీకు సూది పడలేదని రాసిండారు, నిజమేనా?"

"నాకా? నాకు నెల నెలా వేస్తా ఉండారు గదమ్మా, గుండెకు. పడకేమి, బాగా పడుతుంది."

"మరి హోసూరులో ఒళ్లంతా దద్దుర్లొచ్చి..."

"హోసూరు నేనెప్పుడు చూసినా! అది నేను గాదమ్మా, చిన్నది. మా చిన్నాయన కూతురు. తోటలో పనికి పోయినప్పుడు ముల్లు గుచ్చుకొని, ఆడ సూదేస్తే చచ్చి బతికినాదంట. అదీ మునెమ్మే. మాయవ్వ పేరు మునెమ్మ. మా నాయన ఆయమ్మ పేరు నాకు పెట్టినాడు, మా చిన్నాయన దానికి పెట్టినాడు. ఇద్దరినీ ఈ ఇంట్లోకే, అన్నదమ్ములకు ఇచ్చినారు."

నేనూ రత్నక్కా మొహాలు చూసుకున్నాం. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ తల్లి మీద ప్రేమతో, ఎవరూ వెనక్కి తగ్గలేదు. మా వైపు ఇది ఇంటింటి కథే. మా ఇంట్లోనే ముగ్గురు వెంకటేశులున్నారు, పిలిస్తే ఎవరూ పలకరు. అయినా ఇది మాకు తట్టలేదు.

"ఆ చిన్నామె యాడ ఇప్పుడు?" అంది రత్నక్క.

"పొద్దున్నే వచ్చినాది బాగలూరునుంచి. కాల్లో మళ్లా ముల్లు, చీము పట్టి ఇంత లావు వాచింది. కృష్ణగిరికి పొమ్మని నేనే పంపిస్తి. మీ ఆస్పత్రికే. నా కార్డు ఎత్తుకపోయినాది."

"నీ కార్డెందుకమ్మా?"

"పేరొకటే గదా. ఒక ఇంటికి రెండు కార్డులేంటికి?" అంది ఆమె, ఉప్పు డబ్బా గురించి చెప్పినట్టు మామూలుగా.

రత్నక్క చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పాల కేంద్రం వైపు నడిచింది, వెనకే మేమంతా. ఊర్లో సిగ్నల్ అక్కడి మెట్ల మీదే దొరుకుతుంది. నేను కృష్ణగిరి కౌంటర్‌కు ఫోన్ చేశాను. అక్కడ ఉండేది సెల్వి, తమిళమ్మాయి, మాతో మాట్లాడి మాట్లాడి మా తెలుగే మాట్లాడేది.

"సెల్వీ, మునెమ్మ అని ఎవురన్నా వచ్చినారా?"

"ఇప్పుడే వచ్చినాదన్నా. నెల సూదికి చీటీ కొట్టి లోపలికి పంపిస్తి."

"నెల సూదికని ఆమె చెప్పినాదా?"

"కార్డులో ఉండాది గదన్నా. కాలు నొప్పి గూడా అని ఏదో అన్నాది."

ఫోను స్పీకర్ మీద ఉండడంతో అందరం విన్నాం. రత్నక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆమె గొంతు పెద్దదని చెప్పాను కదా. ఆ క్షణంలో ఆమె గొంతు నేను అంత మెల్లగా ఎప్పుడూ వినలేదు. "సెల్వీ, ఫోను పెట్టొద్దు. చేతిలోనే పట్టుకో. లేచి లోపలికి నడువు. పరిగెత్తొద్దు, జారి పడితే ఆలస్యం. నడువు. పోయి, మునెమ్మకు సూది వద్దని చెప్పు. ఆమె చేతికి ఫోనియ్యి." సెల్వి చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక తలుపు. ఎవరో పసిబిడ్డ ఏడుపు. నర్సు గొంతు ఏదో విసుక్కుంది. గోవిందప్ప, పెద్ద మునెమ్మ, నేను, ముగ్గురం రత్నక్క మొహాన్నే చూస్తున్నాం. ఆ తర్వాత ఒక కొత్త గొంతు, "ఎవురమ్మా?" అంది.

"మునెమ్మవేనా?"

"ఆఁ."

"సూదేసినారా?"

"ఇంకా లేదమ్మా. బోర్లా పండుకోమన్నారు. కాల్లో ముల్లుంటే నడుముకు సూదేంటికని నేను అడగతానే ఉండా, ఎవురూ చెప్పరు."

రత్నక్క పాల క్యాను మీద కూర్చుండిపోయింది. నర్సుతో మాట్లాడి, డాక్టరుతో మాట్లాడి, ఆ మనిషి వేరని, ఈ సూది ఆమెకు ప్రాణం మీదికి తెస్తుందని విడమరిచి చెప్పింది. వాళ్లు ఒకటికి రెండుసార్లు అడిగి రాసుకున్నారు. అంతా అయ్యాక పెద్ద మునెమ్మ మెల్లగా, "ఆ సూది వేసి ఉంటే అది పోయేదామ్మా?" అని అడిగింది. రత్నక్క అబద్ధం చెప్పలేదు. తలూపింది. పెద్ద మునెమ్మ చెయ్యి చాపి ఫోను తీసుకుంది. చెల్లెలిని పిలవమంది. చెల్లెలితో ఏం మాట్లాడుతుందో, ఏడుస్తుందేమో అనుకున్నాం. "ఏమే, నా కార్డు ఎత్తుకపోతే పోయినావు, నా సూది గూడా వేయించుకుంటావేమే?" అంది. అటువైపు నవ్వు వినిపించింది. ఇటువైపు ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ రోజు అక్కడున్న వాళ్లలో హాస్యం ఆడగలిగింది ఆమె ఒక్కతే. నేను చేతులు కట్టుకుని విన్నాను.

తిరుగు బస్సులో రత్నక్క కిటికీ పక్కన కూర్చుంది. శూలగిరి దాటాక నా వైపు తిరిగి అంది: "నేను గూడా తీసెయ్యమనేదాన్నే రా. గోవిందప్ప మాటలు రెండూ విని గూడా నాకు ఏమీ అనిపించలే. పల్లెటూరోళ్లు ఏదో అంటారులే అనుకుంటి. నీకు నవ్వొచ్చింది." నేను ఏదో చమత్కారం వెతుకుతుంటే నా మోకాలు మీద తట్టింది. "నీకు నవ్వు యాడొస్తుందో ఆడ ఏదో అమరలేదని అర్థం. నువ్వేమో నవ్వి వదిలేస్తావు. వదలగూడదు. నవ్వినాక ఇంకొక్క మాట అడగల్ల." బడిలో నన్ను కొట్టినవాళ్లెవరూ నా నవ్వు దేనికి వచ్చిందో అడగలేదు. ఆ తొట్టి లెక్కలో కూడా నిజంగా ఏదో అమరలేదేమో; రత్నక్క ఆ తరగతిలో ఉండి ఉంటే రెండో కొళాయి ఎవరు తెరిచారని ముందు విచారించి ఉండేది.

సోమవారం డాక్టరు సారు కౌంటర్ దగ్గరికి తానే వచ్చాడు. ఎవరు ఎవరో అడిగి తెలుసుకున్నాడు, చిన్న మునెమ్మ పేరు మీద హెచ్చరికను తన చేత్తో మళ్లీ రాశాడు. "నేనే కదమ్మా తీసేయమన్నది," అన్నాడు. రత్నక్క, "చెప్పినారు సార్. మేము తీసినామా?" అని డబ్బా ఆయన ముందుకు జరిపింది. ఆయన ఒక ముక్క తీసుకుని, పులుపుకు కళ్లు మూసుకుని వెళ్లిపోయాడు. వాళ్లిద్దరి మధ్య క్షమాపణ అట్లా జరిగింది. బెంగళూరు కుర్రవాడు ఆ వారమంతా ఇంకొన్ని మార్పులు చేశాడు. జంటలన్నింటినీ ఒక్కసారిగా కలిపేసే బటన్‌ను తీసేశాడు. తండ్రి పేరు రాయనిదే కొత్త పేరు నమోదు కాకుండా చేశాడు, ప్రతి పేరు పక్కన ఫొటో పెట్టే చోటు ఇచ్చాడు. కొత్త కార్డుల కోసం ఇద్దరు మునెమ్మలూ కలిసే వచ్చారు. ఫొటోకు కూర్చోమంటే ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోబోయారు. రత్నక్క విడదీసింది.

ఆమె ఉద్యోగం మానుకున్నాక నేను సొంతంగా ఈ పని మొదలుపెట్టాను. చివరి రోజుల్లో మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండేది. వెళితే ఎన్ని పేర్లు తీశావని అడిగేది కాదు. ఏ పేరు దగ్గర నవ్వొచ్చింది అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి, ఆమె వినేది, విని ఇంకొక్క ప్రశ్న అడిగేది. మరునాడు ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. ఏమీ లేదని తెలుసుకోవడానికి కూడా ఒక ఫోను చేయాలి, అంతే.

ఆమె పోయిన తర్వాత ఒకసారి కృష్ణగిరి వైపున్న పోచంపల్లి సంతకు వెళ్లాను. టమాటా బుట్టల వరుసలో, రద్దీలో, నాకు తెలిసిన ఆయాసపు నడక ఒకటి కనిపించింది. పక్కన ఇంకొకామె, కాలు బాగానే వేస్తూ, బుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. సంతోషం ఆగక, "మునెమ్మా!" అని గట్టిగా కేకేశాను. ఆ వరుసలో అయిదారుగురు ఆడవాళ్లు ఒకేసారి తిరిగి చూశారు. వాళ్లలో ఇద్దరు నన్ను గుర్తుపట్టి నవ్వారు. మిగిలినవాళ్లు, ఎవడీ మనిషి, మమ్మల్నెందుకు పిలిచాడు అన్నట్టు కాసేపు చూసి, మళ్లీ బేరంలో పడిపోయారు. వాళ్లెవరో నాకు తెలియదు. ఏ ఊరివాళ్లో, ఏ మందు పడుతుందో, ఏది పడదో, ఏ కంప్యూటర్‌లో ఎవరి పేరు పక్కన ఇమిడి కూర్చున్నారో తెలియదు. 'తీసేయాలా?' అని తెర అడిగినప్పుడల్లా నా చెయ్యి తొందరపడకుండా ఆగుతుంది, గుర్తుపట్టి నవ్విన ఆ ఇద్దరి కోసం కాదు, తిరిగి చూసిన మిగతావాళ్ల కోసం.